తప్పు కాళ్ళదా, మెట్టుదా?

(మన సంఘం తెనాలి, బాపట్ల, రేపల్లె శాఖల ఉమ్మడి వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నారని తెలియగానే, డి.ఏ. బకాయిల గురించో, వైద్య బిల్లుల గురించో చెబుతానని మీలో కొందరు అనుకొని ఉంటారు. ఆ విషయాలు నాకంటే బాగా తెలిసినవారు ఈ వేదికమీదే ఉన్నారు. నేను ముప్పై మూడేళ్ళు కామర్సు పాఠాలు చెప్పుకొని బతికినవాణ్ణి. బదిలీల పుణ్యమా అని ఈ మూడు ఊళ్ళ నీళ్ళూ తాగాను. కనుక నాకు చేతనైన విషయమే, పాఠం గురించే చెబుతాను. అయితే ఇది కొత్త పాఠం. మనం చదవనిది, మనం చెప్పనిది. అయినా దానికి మన అవసరం ఉన్నది. ఎందుకో చివరన మనవి చేస్తాను.

ఆ పాఠం పేరు యూజర్ ఎక్స్‌పీరియన్స్. పొట్టిగా యు.ఎక్స్. అంటారు. తెలుగులో వాడకందారుని అనుభవం అనుకోవచ్చు. ఒక వస్తువును గాని, ఒక ఫారాన్ని గాని, ఫోనులో ఒక యాప్‌ను గాని వాడేటప్పుడు మనిషికి ఏమి జరుగుతుంది? పని అయిందా? ఎంత అవస్థపడితే అయింది? అయిన తర్వాత మనసు కుదుటపడిందా, విసుగు మిగిలిందా? అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1998లో వాడుక సౌలభ్యానికి ఇచ్చిన నిర్వచనంలో ఉన్నవి కూడా సుమారుగా ఈ మూడు ప్రశ్నలే. ఈ ప్రశ్నలకు జవాబులు వెతికి, వస్తువును దానికి తగ్గట్టు దిద్దటం ఈనాడు ఒక వృత్తి. అమెరికాలో డొనాల్డ్ నార్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1993లో ఆపిల్ కంపెనీలో చేరినప్పుడు తన ఉద్యోగానికి ఈ మాటతోనే పేరు పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆ మాట లోకంలో స్థిరపడింది.

అంతకు ముందే, 1988లో, ఆయన నిత్యం వాడే వస్తువుల గురించి ఒక పుస్తకం రాశాడు. అందులో తలుపుల ప్రసక్తి ఉన్నది. లాగవలసిన తలుపును మనం నెడతాం. అది తెరుచుకోదు. పక్కవాడు నవ్వుతాడు. మనం సిగ్గుపడతాం. నార్మన్ చెప్పేదేమిటంటే, అక్కడ సిగ్గుపడవలసింది మనిషి కాదు, ఆ తలుపు చేసినవాడు అని. ఎలా తెరవాలో చూడగానే తెలియని తలుపు సరైన తలుపు కాదు.

ఈ సంగతి చదివినప్పుడు నేను నవ్వలేదు. నాకు 1986 గుర్తుకు వచ్చింది.

నేను తయారుచేసిన ఫారం

అప్పట్లో నేను పనిచేస్తున్న కళాశాలలో పేద విద్యార్థుల సహాయనిధి ఒకటి ఉండేది. దాని బాధ్యత నాకు అప్పగించారు. దరఖాస్తు ఫారం నేనే రాశాను. స్టెన్సిల్ కోయించి, సైక్లోస్టయిల్ తీయించి పంచాను. అందులో ఆరో అంశం: ‘తండ్రి / సంరక్షకుని ఆదాయం’. పక్కన గీత. అంతే. నా ఉద్దేశంలో అది నెల ఆదాయం. జీతగాణ్ణి కదా, ఆదాయమంటే నా బుర్రలో నెలదే. కాని కూలికి వెళ్ళే ఇంట్లో నెల ఆదాయమనే లెక్క ఉండదు. కోతలప్పుడు ఉంటుంది, ఊడ్పులప్పుడు ఉంటుంది, మిగిలిన రోజుల్లో ఉండదు. ఆ పిల్లలు ఆలోచించి, ఏడాది మొత్తం కూడి రాశారు. నా కళ్ళకు వాళ్ళంతా షావుకార్ల బిడ్డల్లాగా కనిపించారు. కొట్టివేశాను.

ఒక కుర్రవాడు వచ్చి, ‘మాస్టారూ, అది ఏడాదికండీ’ అన్నాడు. ‘సరిగ్గా చదివి నింపుకోలేనివాడికి సహాయమెందుకోయ్, జాబితా అయిపోయింది’ అన్నాను. మాట అలాగే అన్నాను, మార్చి చెప్పటం లేదు. దసరా సెలవుల తర్వాత ఆ కుర్రవాడు కళాశాలకు రాలేదు.

మరుసటి సంవత్సరం పాత కట్ట విప్పి చూశాను. కొట్టివేసినవాటిలో పదకొండు ఫారాలు. పదకొండింటిలోనూ తప్పు ఆ ఆరో అంశం దగ్గరే. మిత్రులారా, మెట్లెక్కేటప్పుడు ఒకడు జారితే వాడి నడక అనుకోవచ్చు. పదకొండు మంది ఒకే మెట్టు దగ్గర జారిపడితే తప్పు కాళ్ళదా, మెట్టుదా? ఆ గీత పక్కన ‘ఏడాదికి’ అన్న ఒక్క మాట రాసి ఉంటే సరిపోయేది. ఆ మాట తర్వాత సంవత్సరం రాశాను. కాని ఆ కుర్రవాడికి అందలేదు.

నాకు ఇంత వయసు వచ్చాక ఈ కొత్త శాస్త్రంమీద ఆసక్తి ఎందుకంటే, కారణం ఇదీ. నేను ఆనాడు చేసిన పొరపాటుకు పేరున్నదనీ, దాన్ని ముందుగానే పసిగట్టే పద్ధతి ఉన్నదనీ, ఆ పద్ధతిని పిల్లలకు నేర్పవచ్చుననీ ఇప్పుడు తెలిసింది.

మొదట రాసిన పాఠ్యప్రణాళిక

మూడేళ్ళ క్రితం మన ప్రాంతంలోని ఒక డిగ్రీ కళాశాలవారు నన్ను పిలిచారు. ‘మా పిల్లలు డిగ్రీ పుచ్చుకొని ఖాళీగా ఉంటున్నారు. యు.ఎక్స్. అనే దాంట్లో ఉద్యోగాలున్నాయంటున్నారు. నైపుణ్య కోర్సు ఒకటి రూపొందించే ఉపసంఘంలో మీరు కూడా ఉండండి’ అన్నారు. సరేనన్నాను.

మన దేశంలో ఈ విద్య లేకపోలేదు. అమెరికన్ రూపశిల్పులు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. మన ఇళ్ళలోని చెంబును చూసి వాళ్ళు ముచ్చటపడ్డారు. చేతిలో ఎలా ఇముడుతుంది, నెత్తిన ఎలా నిలుస్తుంది, నీళ్ళు ఎలా ఒంపుతుంది, ఎలా తోముకోవచ్చు అని ఒక్కొక్కటే విడదీసి రాశారు. ఆ నివేదిక పునాదిగా 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది. 1969లో బొంబాయి ఐ.ఐ.టి.లో పారిశ్రామిక డిజైన్ కేంద్రం వచ్చింది. మన రాష్ట్రానికి 2015లో ఒక జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. అవన్నీ గొప్ప సంస్థలే. కాని వాటిలో సీట్లు కొద్ది, ప్రవేశ పరీక్షలు కఠినం. రేపల్లె పాసింజరులో పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకొని వచ్చే బి.కాం., బి.ఏ. పిల్లల సంగతేమిటి? మా ముందున్న ప్రశ్న అది.

మేము మొదట రాసిన ప్రణాళిక ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తుంది. ఐదు యూనిట్లు. మొదటి యూనిట్ నిర్వచనాలు, రెండోది చరిత్ర, మూడోది సూత్రాలు, నాలుగోది రంగులూ అక్షరాలూ, ఐదోది ఫిగ్మా అనే సాఫ్టువేరు. చివరన మూడు గంటల రాత పరీక్ష. ‘వాడకందారుని అనుభవమనగానేమి? దాని లక్షణములను వివరింపుము’ అని పది మార్కుల ప్రశ్న కూడా సిద్ధం. ముప్పై మూడేళ్ళు నేను తయారుచేసిన ప్రశ్నపత్రాలన్నీ అలాంటివే కదా!

నా పాత విద్యార్థి ఒకాయన హైదరాబాదులో ఈ పనిలోనే ఉన్నాడు. అతనికి ఆ ప్రణాళిక పంపాను. మర్నాడు ఫోను చేశాడు. ‘మాస్టారూ, మీరు తిట్టకపోతే ఒక మాట. ఈ కోర్సు చదివినవాడిని మేము ఇంటర్వ్యూకి పిలిచినా తీసుకోం’ అన్నాడు. ‘ఏం, ఏమి తక్కువైంది?’ అన్నాను. ‘ఇందులో ఎక్కడా మనిషి లేడండీ’ అన్నాడు. మళ్ళీ అతనే చెప్పాడు. ఈ ఉద్యోగానికి మార్కుల పట్టీ కంటే పనుల సంపుటి ముఖ్యమట. పోర్ట్‌ఫోలియో అంటారు. ‘ఎవరి ఇబ్బంది చూశావు, ఏమనుకున్నావు, ఏమి గీశావు, వాళ్ళకు చూపిస్తే ఏమైంది, ఏమి మార్చావు, ఎందుకు మార్చావు?’ ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవాడికే ఉద్యోగం. ‘సాఫ్టువేరు రెండు నెలల్లో వస్తుందండీ, చూపు రావటానికే ఏళ్ళు పడుతుంది’ అన్నాడు.

ఆ మాటతో పాత ప్రణాళిక పక్కన పెట్టాం. మనిషి ఉన్న పాఠం ఎక్కడ దొరుకుతుందా అని వెతికితే, దూరం వెళ్ళనక్కర లేకపోయింది.

మూడు ఊళ్ళు నేర్పిన మూడు పాఠాలు

మొదటిది తెనాలి. చందమామ పత్రిక 1947 జులైలో మద్రాసు నుంచి వెలువడింది. దాని వ్యవస్థాపకులలో ఒకరైన చక్రపాణిగారు తెనాలివారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేవరకూ దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారు కూడా తెనాలిలో పుట్టినవారే. మనమంతా ఆ పత్రిక చదివి పెరిగాం. ఇప్పుడది రావటం లేదు గాని, దాని పాఠం పోలేదు. చిన్న వాక్యాలు, ఇంట్లో మాట్లాడే మాటలు, కథ వెంటే బొమ్మ. అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కొనే పిల్లవాడు ఎక్కడ ఆగిపోతాడో తెలిసినవారు మాత్రమే అలా రాయగలరు. చదివేవాడు ఆగిపోకుండా ముందుకు సాగాలి. ఇది భాష పాఠం. ఈనాడు పెద్ద కంపెనీలలో తెరమీది మాటలు రాయటానికే వేరుగా ఉద్యోగులున్నారు. మన తెలుగు ఎం.ఏ. పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పటం లేదు.

రెండవది బాపట్ల. అక్కడి వ్యవసాయ కళాశాల 1945లో మొదలైంది. అందులో ఆఖరి సంవత్సరం పిల్లలు కొన్ని నెలలు పల్లెలో రైతుల మధ్య ఉండి పని నేర్చుకుంటారు. తరగతిలో ఎరువు మోతాదు బల్లమీద రాసి ఉంటుంది. పల్లెకు పోతే రైతు దాన్ని బస్తాల్లో అడుగుతాడు, దమ్మిడీలతో సహా ఖర్చు అడుగుతాడు, కాలవకు నీళ్ళు ఎప్పుడొస్తాయో దాన్నిబట్టి అడుగుతాడు. అక్కడ తేలుతుంది చదివిన చదువు. డాక్టరుకు ఆసుపత్రి ఎలాగో, వ్యవసాయ పట్టభద్రుడికి పల్లె అలాగ. మరి యు.ఎక్స్. చదివేవాడికి ఆసుపత్రి ఏది? రైల్వే స్టేషను, బ్యాంకు కౌంటరు, గ్రామ సచివాలయం, పింఛనుదారు ఇల్లు. కంప్యూటరు గది దానికి మందుల కొట్టు మాత్రమే.

మూడవది రేపల్లె. రేపల్లె దాటి ముందుకు పోతే నిజాంపట్నం రేవు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్ అంటారు, చేపలు దొరకటానికి అవకాశమున్న ప్రాంతాల గురించి మత్స్యకారులకు సలహాలు పంపుతుంది. ఉపగ్రహాలు సముద్రపు ఉష్ణోగ్రతనూ, నీటి రంగునూ చూసి పంపిన సమాచారం దానికి ఆధారం. ఆ శాస్త్రమంతా పటాలు గీసి పంపితే పడవమీదివారికి ఏమి ఉపయోగం? అందుకని ఆ సలహా రేవు పేరుతో మొదలవుతుంది. ఫలానా రేవు నుంచి ఏ దిక్కుకు, ఎన్ని కిలోమీటర్లు, అక్కడ లోతు ఎన్ని మీటర్లు అన్న వరసలో ఉంటుంది. స్థానిక భాషల్లోనూ అందుతుంది. అక్షాంశ రేఖాంశాలు కావలసినవారికి అవి కూడా ఉంటాయి. మనిషి నిలబడ్డ చోటు నుంచి లెక్క మొదలుపెట్టటమే ఇక్కడి పాఠం. నా ఆరో అంశంలో లోపించింది సరిగ్గా ఇదే. నేను నా జీతం దగ్గర నుంచి లెక్కపెట్టాను. ఆ పిల్లలు వాళ్ళ పొలం దగ్గర నుంచి లెక్కపెట్టారు.

కోర్సు ఎలా ఉండాలి

ఈ మూడు పాఠాలనుబట్టి ప్రణాళిక తిరగరాశాం. పదిహేను వారాలు, వారానికి నాలుగు గంటలు. మొదటి ఐదు వారాలు కంప్యూటరు తెరవటం లేదు. చూడటమే పని. ఒక్కొక్క విద్యార్థి ఒక కౌంటరు దగ్గరో, ఒక ఇంట్లోనో కూర్చొని, ఒక మనిషి ఒక పని పూర్తి చేసేవరకూ చూసి, చూసింది చూసినట్లు నోటుపుస్తకంలో రాయాలి. అభిప్రాయం రాయకూడదు. ‘ఆయనకు తెలియదు’ అని రాస్తే తప్పు. ‘ఆయన ఈ బొత్తాము రెండుసార్లు నొక్కి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు’ అని రాస్తే ఒప్పు.

తర్వాత ఐదు వారాలు కాగితంమీద గీయటం. తెల్ల కాగితాలు, పెన్సిలు, రబ్బరు. సాఫ్టువేరులో నున్నగా గీసినదాన్ని చూస్తే ఎదుటివారు మొహమాటానికి బాగుందంటారు. పెన్సిలు గీతనైతే ‘ఇది తీసెయ్యి నాయనా’ అని ధైర్యంగా చెబుతారు. చివరి ఐదు వారాలు చూపించి దిద్దటం. జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లో ఒక సలహా ఇచ్చాడు. పదిహేను మందికి ఒకేసారి చూపించటం కంటే, ఐదుగురికి చూపించి, దిద్ది, మళ్ళీ ఐదుగురికి చూపించి, మళ్ళీ దిద్దటం మేలని. మా పద్ధతి కూడా అదే. సాఫ్టువేరు ఈ చివరి దశలోనే వస్తుంది. సిద్ధాంతం కావలసినవారికి స్వయం, ఎన్.పి.టి.ఇ.ఎల్. వేదికలలో ఐ.ఐ.టి. ఆచార్యుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. వాటిని మళ్ళీ బల్లమీద రాయించటం వృథా.

ఇంత సమయం ఎక్కడిదని అడగవచ్చు. మన ఉన్నత విద్యామండలి 2020-21లో తెచ్చిన డిగ్రీ ప్రణాళికలో 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టు ఉన్నది. చాలాచోట్ల పిల్లలు దాన్ని ఒక సర్వే ఫారం నింపి, నాలుగు ఫొటోలు అంటించి, బైండింగు చేయించి ముగించారు. అలాంటి గంటలను ఈ చూసే పనికి మళ్ళిస్తే, పిల్లవాడి పోర్ట్‌ఫోలియోలో మొదటి అధ్యాయం తయారవుతుంది.

మార్కుల దగ్గర ఉపసంఘంలో పెద్ద గొడవే జరిగింది. నోటుపుస్తకానికి 40, మొదటి బొమ్మకూ మూడో బొమ్మకూ మధ్య వచ్చిన మార్పుకు 40, మౌఖికానికి 20 అని నేనన్నాను. రాత పరీక్ష వద్దన్నాను. ఒక మిత్రుడు, ‘మార్పుకు మార్కులేమిటండీ, మొదటే బాగా గీసినవాడు నష్టపోడా?’ అన్నారు. ‘మొదటే బాగా గీసినవాడు నాకు ఇంతవరకూ తగల్లేదు. నేను కూడా మొదట బాగా గీయలేదు’ అన్నాను. చివరకు 20 మార్కులకు రాత పరీక్ష ఉండాలని రాజీపడ్డాం. నోటుపుస్తకానికి 30, మార్పుకు 30 మిగిలాయి. ఆ రాజీ నాకిప్పటికీ ఇష్టం లేదు గాని, కమిటీ అంటే మీకు తెలియనిదేమున్నది!

పాఠం చెప్పేది ఎవరన్నది మరో చిక్కు. కంప్యూటరు లెక్చరరు ఒక్కరికే అప్పగిస్తే అది ఐదో యూనిట్‌గా మారిపోతుంది. అందుకని తెలుగు అధ్యాపకులూ, కామర్సువారూ, కంప్యూటరువారూ కలిసి చెప్పాలన్నాం. టైం టేబులు కుదరదన్నారు. వారానికి ఒక పూట ముగ్గురూ ఒకే గదిలో ఉండేటట్లు చివరకు కుదిర్చారు.

ఒక ఉదయం

నిరుడు ఆరుగురు పిల్లలతో దీన్ని ప్రయత్నించి చూశాం. ఆ రోజు జరిగింది చెబుతాను. మన సంఘంలోనే ఒక స్వర్గస్థులైన అటెండరుగారి సతీమణి ఉన్నారు. వారి అనుమతితోనే చెబుతున్నాను. పేరు చెప్పను. ఆవిడ ఫోనులో ఒక దరఖాస్తు పూర్తి చేయాలి. ఏ సంస్థది అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. రేపల్లె వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి పక్కన కూర్చుంది. పిల్లలకు మేము పెట్టిన నియమాలు రెండు. ఫోను ముట్టుకోకూడదు. జవాబు చెప్పకూడదు. ‘మీరిప్పుడు ఏమనుకుంటున్నారో పైకి చెప్పండమ్మా’ అని మాత్రం అనవచ్చు.

ఆవిడ నంబరు నొక్కారు. ఓ.టి.పి. వచ్చింది. ఆ సందేశం తెర పైభాగాన కనిపించి మాయమైంది. ఆవిడ మళ్ళీ సందేశాల్లోకి వెళ్ళారు. ఆరంకెలూ ఒక కాగితంమీద రాసుకున్నారు. తిరిగి దరఖాస్తు ఎక్కడుందో వెతుక్కున్నారు. ఒక్కొక్క అంకె నొక్కేసరికి గడువు దాటింది. తెరమీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: ‘ప్రమాణీకరణ విఫలమైంది’.

ఆవిడ దాన్ని కూడబలుక్కొని చదివి, నా వైపు తిరిగి, ‘మాస్టారూ, నేను అబద్ధపు ప్రమాణం చేశానంటోందా?’ అన్నారు.

ఎవరికీ నోట మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు. నాలుగుసార్లు నంబరు వచ్చింది, నాలుగుసార్లూ గడువు దాటింది. ఆ అమ్మాయి చెయ్యి రెండుసార్లు ఫోను దాకా వచ్చింది. రెండుసార్లూ నేను కళ్ళతోనే వారించాను. చేసి పెట్టటం సులభం. కాని ఆ రోజు ఆ ఒక్కరికి చేసి పెడితే, ఇంటి దగ్గర ఒంటరిగా ఉన్న మిగిలినవాళ్ళకు చేసి పెట్టేదెవరు? చివరకు ఆవిడ ఫోను బల్లమీద పెట్టి, ‘నాకు చదువు రాకపోబట్టి గాని, దాని తప్పేమున్నది తల్లీ’ అన్నారు. ఆ అమ్మాయి నోటుపుస్తకంలో ఆ మాట రాసుకుంటూ కళ్ళు తుడుచుకుంది. అంతా రాసుకున్నాక, పిల్లలు ఆవిడ పక్కన కూర్చొని పని పూర్తి చేయించి పంపారు.

తర్వాత వారం పిల్లలు కాగితంమీద కొత్త తెర గీశారు. ‘ప్రమాణీకరణ విఫలమైంది’ అన్న చోట, ‘నంబరు వేయటానికి ఇచ్చిన సమయం అయిపోయింది. తప్పు మీది కాదు. కొత్త నంబరు పంపమంటారా?’ అని రాశారు. గడువు పెంచారు. ఐదుగురికి చూపించారు. ముగ్గురు మళ్ళీ ఆగిపోయారు. కారణం, ‘పంపండి’ అన్న బొత్తామును పిల్లలు అందం కోసం లేత బూడిద రంగులో వేశారు. అది నొక్కేది కాదని పెద్దవాళ్ళు అనుకున్నారు. మూడో బొమ్మలో రంగు ముదిరింది, అంచు వచ్చింది, అక్షరం పెరిగింది. ఆ కాగితంమీద ఆవిడ వేలు పెట్టి, ఎవరూ చెప్పకుండా చివరిదాకా వెళ్ళారు. ‘ఇదైతే నాకు వచ్చు’ అన్నారు. ఆ మూడు కాగితాలూ, ఆ నోటుపుస్తకమూ కలిపితే ఒక పోర్ట్‌ఫోలియో. ఆ అమ్మాయికి ఇంకా ఉద్యోగం రాలేదు. హైదరాబాదులో ఒకచోట ఇంటర్న్‌షిప్ మాత్రం వచ్చింది. అక్కడ వాళ్ళు ఎక్కువసేపు అడిగింది ఆ ‘అబద్ధపు ప్రమాణం’ గురించేనట.

ఉద్యోగాల మాట

నిజం చెప్పాలి. ఈ కోర్సు చదివినవారందరికీ ఉద్యోగాలు వస్తాయని నేను హామీ ఇవ్వను. కొత్తవారికి తలుపులు ఇరుకుగానే ఉన్నాయి. పైగా ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. ఏమి కావాలో మాటల్లో చెబితే నిమిషాల్లో తెరలు గీసి ఇస్తోంది. ‘ఇక ఈ చదువు ఎందుకండీ’ అని ఉపసంఘంలోనే ఒకరు అడిగారు. గీయటం ఒక్కటే నేర్చినవాడికి కష్టమే. కాని ఆ ఉదయం ఆవిడ అన్న మాట ఏ యంత్రానికైనా పక్కన కూర్చున్నవాళ్ళు చెబితేనే కదా తెలిసేది! చూసేవాడి పని మిగిలే ఉంటుంది.

మరో సంగతి. ఇది సౌకర్యం విషయం మాత్రమే కాదు, హక్కు విషయం కూడా. బ్యాంకుల్లో గుర్తింపు పరిశీలనకు ఫోను ముందు కన్ను ఆర్పమని అడిగే పద్ధతి ఉన్నది. చూపు లేనివారు, యాసిడ్ దాడికి గురైనవారు అది చేయలేక సుప్రీం కోర్టుకు వెళ్ళారు. 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పు చెప్పింది. డిజిటల్ సేవలు అందుకోగలగటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనన్నది. ఆ తీర్పు అమలు కావాలంటే, ఎవరికి ఎక్కడ అందటం లేదో చూసి చెప్పేవాళ్ళు కావాలి. అది కూడా ఉద్యోగమే.

మన సంగతే తీసుకోండి. జీవన్ ప్రమాణ్ 2014 నవంబరు 10న మొదలైంది. వేలిముద్రతోనో, కనుపాపతోనో మనం బతికి ఉన్నామని ఋజువు చేసుకోవచ్చు. కాని వయసు మీరినకొద్దీ వేలి గీతలు అరిగిపోతాయి. 2021 నవంబరులో ముఖం చూపించి ఋజువు చేసుకొనే మార్గం కూడా కలిపారు. అరిగిన వేళ్ళున్నవారికి అదొక దారి. మన ఇబ్బంది ఎవరికైనా కనబడితేనే దారి మారుతుంది. మనం ‘నాకు రాదు’ అని ఇంట్లో కూర్చుంటే మారదు.

మీతో పని

ఇప్పుడు మొదట వాయిదా వేసిన విషయానికి వస్తాను. రాబోయే విద్యా సంవత్సరంలో ఇరవై నాలుగు మందితో కోర్సు మొదలుపెట్టటానికి కళాశాలవారు సిద్ధంగా ఉన్నారు. గది ఉన్నది, టైం టేబులు ఉన్నది, అధ్యాపకులున్నారు. లేనిది ఒక్కటే. ఆ పిల్లలు ఎవరిని చూసి నేర్చుకోవాలి? కాలేజీ పిల్లలు కాలేజీ పిల్లలకే చూపించుకుంటే అందరికీ అన్నీ వచ్చు, ఏ మెట్టూ విరిగినట్లు కనబడదు. వాళ్ళకు తడబడేవారు కావాలి. కళ్ళజోడు తుడుచుకొనేవారు కావాలి. చెయ్యి వణికేవారు కావాలి.

వెతుక్కోనక్కర లేకుండా ఇక్కడ ఇంతమందిమి ఉన్నాం. సర్వీసులో ఉన్నంతకాలం మనకు తెలిసినదాన్ని నేర్పాం. ఇప్పుడు మనకు రానిదాన్ని చూపించి కూడా నేర్పవచ్చు. నెలకు ఒక్క పూట, రెండు గంటలు. తెనాలివారు తెనాలిలో, బాపట్లవారు బాపట్లలో, రేపల్లెవారు రేపల్లెలో. పిల్లలే మీ ఇంటికి వస్తారు. మీ ఫోను వాళ్ళు ముట్టుకోరు. మీ బ్యాంకు వివరాలు, మీ ఓ.టి.పి. అడగరు. అసలు లావాదేవీ చేయించరు, కాగితంమీదే చేయిస్తారు. వద్దనిపిస్తే మధ్యలో లేచిపోవచ్చు. మీ పేరు ఎక్కడా రాయరు. ఈ షరతులన్నీ ప్రణాళికలోనే రాసి పెట్టాం. మోసాలు ఎక్కువైన ఈ రోజుల్లో మీ భయం న్యాయమైనదే, అందుకే చెబుతున్నాను.

ముప్పై పేర్లు కావాలి. వెనక వరసలో కోశాధికారిగారి దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టాను. అందులో పేరు, ఊరు, వీలైన వారం, మూడే గడులు. వారం అంటే ఆదివారం, సోమవారం అని పక్కనే రాశాను. ఈసారి ఎవరూ పొరబడకూడదు కదా!

మొదటి పేరు నాది. రెండోది ఆవిడది. నాకంటే ముందే రాయబోయారు గాని, ‘మాస్టారు ముందు’ అని ఆగారు.

ఆనాటి కుర్రవాడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. బతికి బాగుంటే ఇప్పుడు అరవైకి దగ్గరపడి ఉంటాడు. అతనికి నేను బాకీ ఉన్నాను. ఆ బాకీ అతనికి తీర్చే దారి లేదు. అతని తర్వాత వచ్చేవాళ్ళకు తీర్చవచ్చు.